సేఫ్టీలోనే చేరాల్సొస్తే? చదువంటే ఇష్టమున్న పిల్లలకు తొమ్మిది అమెరికా కాలేజీల సమీక్ష

అమెరికాలో పదకొండో తరగతి చదివే పిల్లలున్న మన ఇళ్లలో కాలేజీల జాబితా ఎప్పుడూ పైనుంచే మొదలవుతుంది. స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, ఐవీలు, కార్నెగీ మెలన్... పది పేర్లు పది నిమిషాల్లో వచ్చేస్తాయి. అడుగున సేఫ్టీ (తప్పకుండా సీటొస్తుందనుకునే కాలేజీ) గడిలో మాత్రం దగ్గర్లో ఉన్న స్టేట్ యూనివర్సిటీ పేరేదో ఒకటి రాసేసి చేతులు దులుపుకుంటారు. మార్చి నెలాఖరుకి పైవన్నీ కాదన్నాయంటే, పిల్ల నాలుగేళ్లు ఉండాల్సింది ఆ చూడకుండా రాసిన చోటే. లెక్కల గురించో, చరిత్ర గురించో రాత్రి పొద్దుపోయేదాకా వాదించుకునే స్నేహితులు కావాలనుకునే పిల్లలకు ఇది పెద్ద దెబ్బ. అందుకే జాబితా కిందినుంచి కట్టుకురావాలి. ముందు సేఫ్టీ, తర్వాత మ్యాచ్ (మన మార్కులకు సరితూగేవి), ఆఖర్న కలల కాలేజీలు.

ఏ కాలేజీలో చదువు వాతావరణం ఉందో బ్రోషర్ చూసి చెప్పలేం. అన్ని బ్రోషర్లలోనూ చెట్టుకింద పుస్తకం పట్టుకున్న నలుగురు పిల్లల ఫొటో ఉంటుంది. మేం చూసేది ఒక్కటే: అక్కడ చేరిన ప్రతి విద్యార్థి చేతా కాలేజీ తప్పనిసరిగా ఏం చేయిస్తుంది? థీసిస్ ఇష్టమైనవాళ్లే రాసేదైతే అది ఓ పదిమంది గొడవగా మిగిలిపోతుంది. అందరూ రాయాల్సిందే అన్నచోట డైనింగ్ హాల్లో మాటలే మారిపోతాయి. ర్యాంకుకీ దీనికీ పెద్దగా సంబంధం లేదు. సీటు తేలిగ్గా దొరికే కొన్ని కాలేజీల్లో ఈ పట్టు గట్టిగా ఉంది, సీటు దొరకని కొన్ని పెద్ద పేర్లలో అసలు లేదు.

కాలేజీల్లోకి వెళ్లేముందు, సేఫ్టీ అనే మాటను ఇష్టమొచ్చినట్టు వాడకుండా ఒక కొలత పెట్టుకుందాం. ప్రతి కాలేజీ పేరుతో పాటు 'కామన్ డేటా సెట్' అని వెతికితే ఆ కాలేజీ ఏటా నింపే పత్రం దొరుకుతుంది. దాదాపు అన్నీ ఉచితంగానే పెడతాయి. అందులో సి1 చూస్తే ఎంతమంది అప్లై చేశారో, ఎంతమందికి సీటిచ్చారో తెలుస్తుంది. ఆ రెంటినీ భాగించి వచ్చిన శాతం చూసి సంబరపడిపోవద్దు. సి21లో ఎర్లీ డెసిషన్ (సీటొస్తే చేరతామని ముందే మాటిచ్చి వేసే అప్లికేషన్) లెక్క విడిగా ఉంటుంది, అది తీసేయాలి. 6,000 మంది అప్లై చేస్తే 1,500 మందికి సీటొచ్చిందనుకోండి, పైకి 25 శాతం. అందులో ఎర్లీ డెసిషన్‌లో 800 మందికి గాను 440 మందిని తీసుకుని ఉంటే, మిగతా 5,200 మందికి దొరికినవి 1,060 సీట్లే. అంటే 20 శాతం. మీవాడు రెగ్యులర్‌లో వేస్తున్నాడంటే అతనికి వర్తించేది ఈ రెండో అంకె.

సి9లో శాట్, ఏసీటీ స్కోర్లుంటాయి. టెస్ట్ ఐచ్ఛికమైన కాలేజీల్లో ఈ అంకెలు ఉబ్బి ఉంటాయి, ఎందుకంటే మంచి స్కోరు వచ్చినవాళ్లే పంపుతారు. ఎంతశాతం మంది పంపారో కూడా అక్కడే ఉంటుంది. ముప్పై, నలభై శాతమే పంపినచోట ఆ స్కోర్లను బట్టి మీ పిల్లను తక్కువ అంచనా వేయనక్కర్లేదు. సి7లో ఒక వరస చాలామంది వదిలేస్తారు: దరఖాస్తుదారు చూపిన ఆసక్తి. అక్కడ 'ముఖ్యం' అని ఉంటే, మార్కులు ఎంత బాగున్నా ఒక్క ఈమెయిల్ కూడా తెరవని పిల్లను ఆ కాలేజీ వెయిట్‌లిస్ట్‌లో పడేయొచ్చు. 'మన స్కోరుకి ఇది సేఫ్టీయే' అనుకున్న చోట దెబ్బతినేది ఇక్కడే. వర్చువల్ సెషన్‌లో కూర్చోవడం, ఇంటర్వ్యూ అడగడం, 'మా కాలేజీయే ఎందుకు' వ్యాసంలో ఆ కాలేజీ కోర్సుల పేర్లు రాయడం - ఇవి చేస్తేనే అది సేఫ్టీ కింద లెక్క.

ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ అయితే యూనివర్సిటీ మొత్తం శాతం చూడ్డం శుద్ధ దండగ. ఇల్లినాయ్ అర్బానా-షాంపేన్‌లో సీఎస్ సీటు శాతం యూనివర్సిటీ శాతం కంటే బాగా తక్కువ. వాషింగ్టన్ యూనివర్సిటీ, సియాటిల్‌లో సీఎస్‌లోకి నేరుగా సీటు రాకపోతే లోపలికెళ్లాక మారడం మహా కష్టం. టెక్సస్‌లో టాప్ పర్సెంట్ చట్టం (స్కూల్లో పై కొద్ది శాతంలో నిలిచినవాళ్లకు స్టేట్ యూనివర్సిటీలో సీటు ఖాయం చేసేది) 1997 నుంచి ఉంది. యూటీ ఆస్టిన్ తన పరిమితిని 2026 ఫాల్ నుంచి 5 శాతానికి తగ్గించింది. అందులో ఉన్నా యూనివర్సిటీలో సీటు ఖాయం, కోరిన మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఖాయం కాదు. ఈ తేడా తెలియక ఆస్టిన్‌ని సేఫ్టీ అని రాసుకునేవాళ్లు ఏటా ఉంటారు.

ఇక కాలేజీలు.

ముందుగా రీడ్, పోర్ట్‌లాండ్, ఒరెగాన్. పద్నాలుగు వందల మంది అటూ ఇటూ ఉండే చిన్న కాలేజీ. ఇటీవలి ఏళ్లలో సీటు శాతం ముప్పైకి అటూ ఇటూ ఉంటోంది కాబట్టి సేఫ్టీ కాదు, మంచి మార్కులున్న పిల్లకు మ్యాచ్. మొదటి ఏడాది అందరూ హ్యూమానిటీస్ 110 చదవాలి, ఫిజిక్స్ పిల్లలతో సహా. మూడో ఏడాది చివర్లో మేజర్‌లో క్వాలిఫయింగ్ పరీక్ష ఉంటుంది. అది దాటితేనే నాలుగో ఏడాది థీసిస్. దాన్ని ప్రొఫెసర్ల ముందు కూర్చుని మౌఖికంగా సమర్థించుకోవాలి. మార్కులు రికార్డులో ఉంటాయి గానీ పేపర్ల మీద వేసి ఇవ్వరు. వ్యాఖ్యలు రాసి ఇస్తారు. 'నీకెంతొచ్చింది' అన్న ప్రశ్న అక్కడ తక్కువగా వినిపించడానికి కారణం ఇదే. 1968 నుంచి క్యాంపస్‌లో ఒక పరిశోధనా అణు రియాక్టర్ ఉంది. దాన్ని లైసెన్స్ తెచ్చుకున్న డిగ్రీ విద్యార్థులే నడుపుతారు, అందులో ఇంగ్లిష్ లిటరేచర్ చదివేవాళ్లు కూడా ఉంటారు. ఫ్రాటర్నిటీలు లేవు. పీహెచ్‌డీలకు వెళ్లేవాళ్ల నిష్పత్తిలో దేశంలోనే ముందు వరసలో ఉంటుంది.

లోపాలు చిన్నవేం కావు. ఎయిడ్ ప్రధానంగా అవసరాన్ని బట్టే ఇస్తారు. ఆదాయం బాగుండి పొదుపు లేని ఐటీ కుటుంబానికి పూర్తి ఫీజు పడొచ్చు. మార్కులు ఉదారంగా వేయరు. ట్రాన్‌స్క్రిప్ట్‌తో పాటు ఈ సంగతి వివరించే కాగితం పంపుతారు గానీ, మెడిసిన్‌కి వెళ్లాలనుకునే పిల్లకు 4కి 3.9 జీపీఏ కావాలంటే అక్కడ చెమటోడ్చాలి. ప్రీ-మెడ్ పట్టుదల ఉన్నవాళ్లకు మేం సిఫారసు చేయం. ఫిజిక్స్, మ్యాథ్స్, భాషాశాస్త్రం, చరిత్రల్లో పరిశోధన వైపు వెళ్లేవాళ్లకు కళ్లుమూసుకుని చెప్తాం.

సెయింట్ జాన్స్ పేరు మన ఇళ్లలో దాదాపుగా వినపడదు. రెండు క్యాంపస్‌లు: మేరీలాండ్‌లో అనాపొలిస్, న్యూమెక్సికోలో శాంటా ఫే. ఒక్కోచోట కొన్ని వందల మందే. మేజర్లు లేవు. 1937లో మొదలైన ఒకే పాఠ్యక్రమం అందరికీ. మొదటి ఏడాది లెక్కల క్లాసులో యూక్లిడ్‌ని మూలం నుంచే చదువుతారు. టీచర్ నిరూపించి చూపించడు, విద్యార్థి లేచి బోర్డు దగ్గర ప్రతిపాదనను నిరూపించాలి, మధ్యలో ఆగితే మిగతావాళ్లు ప్రశ్నలేస్తారు. రెండేళ్లు ప్రాచీన గ్రీకు, రెండేళ్లు ఫ్రెంచ్, మూడేళ్లు ల్యాబ్. మూడో ఏడాదికి న్యూటన్, నాలుగో ఏడాదికి ఐన్‌స్టీన్. వారానికి రెండు రాత్రులు సెమినార్. బల్ల చుట్టూ ఇరవై మంది లోపు విద్యార్థులు, ఇద్దరు ట్యూటర్లు. ప్రొఫెసర్ అన్న హోదా పేరే వాడరు. టర్మ్ చివర్లో ట్యూటర్లందరూ విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టి, అతను అక్కడ లేనట్టే అతని గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు: ఈ అబ్బాయి సెమినార్‌లో బాగా మాట్లాడతాడు, వినడు. ఆ తర్వాత అతను జవాబు చెప్పాలి. మార్కుల షీటు చెప్పలేనిది ఆ పావుగంట చెప్తుంది.

సీటు దొరకడం రీడ్ కంటే చాలా తేలిక. చదవడం మాత్రం తేలిక కాదు. 2018లో ట్యూషన్‌ని 52,000 డాలర్ల నుంచి 35,000కి తగ్గిస్తున్నట్టు ప్రకటించిన అరుదైన కాలేజీ కూడా ఇదే. నిజంగా పుస్తకాల పురుగైన పిల్లకు ఇంతకంటే మంచి సేఫ్టీ లేదు. కానీ ఇంజనీరింగ్ లేదు, సీఎస్ లేదు, ఐచ్ఛిక కోర్సులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తల్లిదండ్రుల మొహమాటానికి చేరే చోటు కాదిది. అప్లై చేసేముందు పిల్ల వెళ్లి ఒక సెమినార్‌లో కూర్చుని రావాలి. ఒక్క రాత్రితో తేలిపోతుంది.

ఒహాయోలోని వూస్టర్ కాలేజీని ఈ మొత్తం జాబితాలో డబ్బుకి తగ్గ విలువ ఇచ్చేదిగా చూస్తాం. అప్లై చేసినవాళ్లలో సగానికి పైగా సీటొస్తుంది, మెరిట్ స్కాలర్‌షిప్‌లున్నాయి. నాలుగో ఏడాది ప్రతి ఒక్కరూ ఇండిపెండెంట్ స్టడీ చేయాలి. టాప్ విద్యార్థులే కాదు, ప్రతి ఒక్కరూ. వారం వారం ఒక ప్రొఫెసర్‌తో ముఖాముఖి కూర్చోవాలి. ప్రయాణానికీ పరికరాలకీ డబ్బు కావాలంటే కోప్‌లాండ్ ఫండ్ ఉంది. వసంత సెలవుల తర్వాత వచ్చే సోమవారం గడువు. ఆ రోజు థీసిస్ ఇచ్చినవాళ్ల చేతిలో ఒక టూట్సీ రోల్ చాక్లెట్ పెడతారు, బ్యాగ్‌పైపులతో ఊరేగింపు. మాస్టర్స్‌కి అప్లై చేసేటప్పుడు ఆ ఏడాది పని చూసిన ప్రొఫెసర్ రాసే సిఫారసు లేఖ, రెండొందల మంది క్లాసులో 'ఏ' గ్రేడ్ వచ్చిందని రాసే లేఖ ఒకలా ఉండవు. వూస్టర్ ఊరు చిన్నది, చలికాలం దిగులుగా ఉంటుంది. పెద్ద నగరం కావాలనేవాళ్లకి ఊపిరాడదు.

విస్కాన్సిన్‌లో ఆపిల్టన్ ఊళ్లో లారెన్స్ యూనివర్సిటీ అదే కోవ. 1945 నుంచి మొదటి ఏడాది అందరూ ఒకే పుస్తకాలు చదివే కోర్సు ఉంది. కొత్తగా చేరినవాళ్లందరికీ మాట్లాడుకోవడానికి ఉమ్మడి విషయం మొదటి వారంలోనే దొరుకుతుంది. లోపలే సంగీత కన్సర్వేటరీ ఉంది, వయొలిన్‌నీ ఫిజిక్స్‌నీ రెండూ వదలలేని పిల్లలకు రెండు డిగ్రీల దారి ఉంది.

రాచెస్టర్ యూనివర్సిటీ చాలామందికి మ్యాచ్. ఇక్కడ తప్పనిసరి కోర్సుల చిట్టా లేదు. మొదట్లో ఒక రైటింగ్ కోర్సు, తర్వాత హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్, సైన్స్ అనే మూడింట్లో మేజర్ ఒక విభాగంలో, మిగతా రెండు విభాగాల్లో మూడేసి కోర్సుల క్లస్టర్లు. ఇంజనీరింగ్ వాళ్లకు ఒక్క క్లస్టర్ చాలు. బయోమెడికల్ ఇంజనీరింగ్ చదువుతూ మూడు కోర్సులు బౌద్ధ తత్వంలోనో సంగీతంలోనో తీసుకోవచ్చు, అడ్డొచ్చే నిబంధన లేదు. 'టేక్ ఫైవ్' అని ఒకటుంది: మేజర్‌కి సంబంధం లేని ఒక ప్రశ్న మీద చదువుకుంటానని ప్రతిపాదన రాసి ఒప్పిస్తే, ట్యూషన్ లేకుండా అదనపు సెమిస్టర్ లేదా ఏడాది ఇస్తారు. జ్ఞానాన్ని ఎంత గౌరవిస్తారో చెప్పడానికి ఇంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు. అయితే ఇంత స్వేచ్ఛలో, పట్టించుకోనివాళ్లు ప్రీ-మెడ్ కోర్సులు తప్ప వేరే ఏదీ ముట్టకుండా బయటపడిపోవచ్చు. దాంతో వాతావరణం డిపార్ట్‌మెంట్‌ని బట్టి మారుతుంది.

ఇక స్టేట్ యూనివర్సిటీలు. మన కుటుంబాల్లో ఎక్కువమందికి నిజమైన సేఫ్టీ ఇక్కడే ఉంది. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే రోలింగ్ అడ్మిషన్. ఆగస్టు, సెప్టెంబరుల్లో అప్లికేషన్ వేస్తే వారాల్లోనే కబురొస్తుంది. నవంబరుకల్లా చేతిలో ఒక సీటుంటే మిగతా జాబితాని పది కాలేజీలకు పెంచే ఆత్రం తగ్గుతుంది. నలభైరెండు అంతస్తుల కెథడ్రల్ ఆఫ్ లెర్నింగ్‌లో దేశానికొకటిగా కట్టిన గదుల్లో ఇప్పటికీ క్లాసులు జరుగుతాయి. నలంద నమూనాలో కట్టిన భారతీయ గది కూడా వాటిలో ఒకటి. అయితే పిట్ ఏటేటా కఠినమవుతోంది, ఆలస్యంగా వేసినవాళ్లకు సేఫ్టీ అనలేం.

మేరీలాండ్‌లో ఉండేవాళ్లు కాలేజ్ పార్క్ (మేరీలాండ్ యూనివర్సిటీ ప్రధాన క్యాంపస్) రాకపోతే కుదేలైపోతారు, యూఎంబీసీని (మేరీలాండ్ యూనివర్సిటీ, బాల్టిమోర్ కౌంటీ) కనీసం తిరిగి చూడరు. అది పొరపాటు. అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ లేదు, చెస్ టీమ్‌కి పేరుంది. 1988లో మొదలైన మేయర్‌హాఫ్ స్కాలర్స్ కార్యక్రమం సైన్స్ పీహెచ్‌డీలకు పిల్లల్ని తయారుచేయడంలో దేశానికే నమూనా అయింది. మొదటి ఏడాదిలోనే ల్యాబ్‌లో చేరే అలవాటు దాని నుంచే క్యాంపస్ అంతటా పాకింది. లోపం ఏమిటంటే ఇంటినుంచి వచ్చిపోయేవాళ్లు ఎక్కువ, శుక్రవారం సాయంత్రానికి పార్కింగ్ ఖాళీ. ఇల్లు ఇరవై నిమిషాల దూరమైనా మొదటి రెండేళ్లు హాస్టల్లో ఉంచండి. ఆనర్స్ కాలేజీకి విడిగా వ్యాసం రాయాలి, అది మర్చిపోవద్దు.

డాలస్ చుట్టూ ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో ఉన్నవాళ్లకు రిచర్డ్‌సన్‌లోని యూటీ డాలస్ కథ కూడా దాదాపు ఇదే. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ స్థాపకులు పరిశోధనా కేంద్రంగా పెట్టింది 1969లో యూనివర్సిటీ అయింది. మొదటి ఏడాది పిల్లల్ని తీసుకోవడం 1990లో గానీ మొదలవలేదు. నేషనల్ మెరిట్ (దేశవ్యాప్త స్కాలర్‌షిప్ పోటీ) పిల్లలకు పెద్ద స్కాలర్‌షిప్‌లు, మెక్‌డెర్మట్ స్కాలర్స్ అనే మెరిట్ కార్యక్రమం, బలమైన చెస్ టీమ్. కంప్యూటర్ సైన్స్ క్లాసులు మాత్రం కిక్కిరిసి ఉంటాయి. అక్కడ చదువు వాతావరణం కావాలంటే ఆనర్స్ ద్వారానే వెళ్లాలి, మామూలు దారిలో వెతికి పట్టుకోవడం కష్టం.

ఆనర్స్ కాలేజీల గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ మాట వెనక రెండు వేర్వేరు సరుకులున్నాయి. ఒకటి, కొత్త హాస్టలూ ముందుగా కోర్సులు ఎంచుకునే హక్కూ ఇచ్చి ఊరుకునేది. రెండోది, క్లాసులే వేరుగా నడిపేది. అరిజోనా స్టేట్‌లోని బారెట్ రెండో రకం. 1988 నుంచి ఉంది, టెంపీలో తనకంటూ క్యాంపస్, డైనింగ్ హాలు ఉన్నాయి. మొదటి ఏడాది 'హ్యూమన్ ఈవెంట్' అనే రెండు సెమిస్టర్ల చర్చా క్లాసు అందరికీ తప్పనిసరి, చివర్లో థీసిస్ లేదా సృజనాత్మక ప్రాజెక్టు తప్పనిసరి. అరిజోనా స్టేట్‌లో సీటు దాదాపు ఖాయం కాబట్టి ఇది అసలైన సేఫ్టీ. కానీ బారెట్‌కి విడిగా అప్లై చేయాలి, విడిగా ఫీజుంది. పై ఏళ్లలో మేజర్ కోర్సుల్ని 'ఆనర్స్ కాంట్రాక్ట్' పేరుతో, మామూలు క్లాసుకే ఒక అదనపు పేపరు జోడించి ఆనర్స్‌గా లెక్కిస్తారు. ప్రొఫెసర్ శ్రద్ధ పెడితే అది బంగారం, పెట్టకపోతే కాగితం పని. ఏ ఆనర్స్ కాలేజీనైనా మూడు ప్రశ్నలు అడగండి: నా మేజర్‌లో ఈ సెమిస్టర్ విడి ఆనర్స్ సెక్షన్లు ఎన్ని నడుస్తున్నాయి? చేరినవాళ్లలో థీసిస్ పూర్తిచేసేది ఎంతమంది? మధ్యలో మానేసేవాళ్లు ఎందుకు మానేస్తున్నారు? మొదటి ప్రశ్నకే నీళ్లు నములుతున్నారంటే అది హాస్టల్ రకం.

వాతావరణాన్ని ఇంట్లో కూర్చుని కూడా కొంత కొలవొచ్చు. కామన్ డేటా సెట్‌లో ఎఫ్1 చూస్తే ఫ్రాటర్నిటీల్లో ఎంతమందో, క్యాంపస్‌లో ఎంతమంది ఉంటారో తెలుస్తుంది. జె సెక్షన్‌లో డిగ్రీలు ఏ సబ్జెక్టుల్లో ఇచ్చారో ఉంటుంది. మూడో వంతు బిజినెస్, మ్యాథ్స్ ఒక శాతం ఉంటే ఆ క్యాంపస్ మాటలు ఎటు పోతాయో ఊహించొచ్చు. ఐ-3లో క్లాసుల సైజులుంటాయి, ఇక్కడొక మెలిక. 'తొంభై శాతం క్లాసులు ఇరవై లోపే' అనేది సెక్షన్ల లెక్క, పిల్లల లెక్క కాదు. పదేసి మందితో పది సెక్షన్లు, మూడొందల మందితో ఒక సెక్షన్ ఉన్నాయనుకోండి. 91 శాతం క్లాసులు చిన్నవే. కానీ మొత్తం 400 సీట్లలో 300 ఆ పెద్ద హాల్లోనే ఉన్నాయి.

కోర్సు క్యాటలాగ్ కంటే ఈ సెమిస్టర్ క్లాసుల షెడ్యూల్ చూడండి. క్యాటలాగ్‌లో టోపాలజీ, గాలవా థియరీ, సంస్కృతం అన్నీ ఉంటాయి. గత నాలుగు సెమిస్టర్ల షెడ్యూల్‌లో ఒక్కసారీ కనపడకపోతే అవి లేనట్టే. చిన్న కాలేజీల్లో ఇది ముఖ్యమైన బలహీనత. స్కూల్లోనే మల్టీవేరియబుల్ కాలిక్యులస్ పూర్తిచేసిన పిల్ల రెండేళ్లలో అక్కడి లెక్కలన్నీ అయిపోగొట్టేయొచ్చు. అలాంటి పిల్లకు గ్రాడ్యుయేట్ కోర్సులున్న పెద్ద యూనివర్సిటీలో ఆనర్సే మేలు.

పాత జాబితాల్ని గుడ్డిగా నమ్మొద్దు. ఫ్లోరిడాలోని న్యూ కాలేజ్ ఎన్నో ఏళ్లు ఇలాంటి పిల్లలకు ప్రభుత్వ ఫీజుల్లో దొరికే వరంలా ఉండేది. 2023 జనవరిలో గవర్నర్ కొత్త ట్రస్టీల్ని వేశాక అధ్యక్షురాలు మారారు, చాలామంది ప్రొఫెసర్లు వెళ్లిపోయారు. 2024లో అలబామాలో బర్మింగ్‌హామ్-సదరన్, న్యూయార్క్‌లో వెల్స్ కాలేజీ మూతపడ్డాయి. చిన్న కాలేజీ అయితే గత ఐదేళ్ల విద్యార్థుల సంఖ్య, బి22లోని రెండో ఏడాదికి తిరిగొచ్చినవాళ్ల శాతం చూడకుండా డిపాజిట్ కట్టకండి.

డబ్బు విషయంలో మనవాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబసభ్యుల వీసా) మీద ఉన్న పిల్లలకు ఫాఫ్సా (ప్రభుత్వ ఆర్థిక సాయానికి వేసే దరఖాస్తు) వర్తించదు. ప్రైవేటు కాలేజీలు చాలావరకు వాళ్లని ఎయిడ్ లెక్కలో అంతర్జాతీయ విద్యార్థులుగానే చూస్తాయి. అందుకని కాలేజీ వెబ్‌సైట్‌లో ఎయిడ్ పోగా అయ్యే ఖర్చు అంచనా వేసే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ చూపించే అంకె వాళ్లకు పనికిరాదు. కామన్ డేటా సెట్ హెచ్6 సెక్షన్‌లో విదేశీ విద్యార్థుల్లో ఎంతమందికి, సగటున ఎంత ఇచ్చారో చూడాలి. హైదరాబాద్, విజయవాడ నుంచి నేరుగా డిగ్రీకి అప్లై చేసేవాళ్లు కూడా చూడాల్సింది ఇదే. వాళ్లకు ఇంకో పని: తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ల మార్కులు అడుగుతారు. పదో తరగతి, ఇంటర్ మెమోలు చేతిలో ఉంటాయి గానీ తొమ్మిదో తరగతి మార్కులు పాత స్కూల్ నుంచి స్టాంపు వేయించి తెచ్చుకోవాలి. జూనియర్ కాలేజీలో కౌన్సెలర్ ఉండరు కాబట్టి ప్రిన్సిపాల్‌ని ఆగస్టులోనే అడిగి పెట్టుకోవాలి, అక్టోబరు చివర్లో దసరా సెలవుల తర్వాత పరిగెత్తితే పని కాదు.

హెచ్-4 వాళ్లకు ఇన్-స్టేట్ ట్యూషన్ (ఆ రాష్ట్రంలో ఉండేవాళ్లకు తక్కువ ఫీజు) వర్తించడం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. స్టేట్ యూనివర్సిటీని సేఫ్టీగా రాసుకునేముందే ఆ యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టి రెండు విషయాలు రాతపూర్వకంగా తెప్పించుకోండి: ఇప్పుడున్న వీసాతో ఇన్-స్టేట్ వర్తిస్తుందా, ఇరవై ఒకటి నిండి ఎఫ్-1 (విద్యార్థి వీసా)కి మారాక కూడా కొనసాగుతుందా. మూడో ఏడాది మధ్యలో ఫీజు ఒక్కసారిగా పెరిగేది ఆ రెండో ప్రశ్న అడగని ఇళ్లలోనే.